చెరిపేసిన మూడు చుక్కలు

వాసుదేవన్ సారు రాజపాళయంలోని ఒక హైస్కూల్లో పదకొండో తరగతికి లెక్కలు చెప్పబట్టి పద్దెనిమిదేళ్లు. ఫంక్షన్ల పాఠం ఆయనకు కంఠతా వచ్చు. లోపల ఇంత వేస్తే బయటికి ఇంతే వస్తుందంటూ నూలు మిల్లునూ, షేర్ ఆటో ఛార్జీనీ చూపించి చెప్పేవాడు. పిల్లలకు ఆయనంటే గురి. తన వల్ల తప్పు దొర్లుతుందన్న అనుమానం ఆయనకూ ఏనాడూ కలగలేదు.

డిసెంబరులో లెక్కల ప్రదర్శనకు, ఇంట్లో జరిగే పనిలోంచి ఒక ఫంక్షన్ పట్టుకురమ్మన్నాడు. సేత్తూరు నుంచి బస్సులో వచ్చే శివరంజని తమ పొలం బావిని ఎంచుకుంది. మోటారు ఎన్ని గంటలు నడిస్తే నీళ్లు ఎన్ని అడుగులు దిగుతాయో వారం రోజులు తాడు వేసి కొలిచింది. చార్టు మీద మొదటి మూడు గంటలూ గీత తిన్నగానే ఉంది. ఆ తర్వాతి మూడు చుక్కలు మాత్రం గభాలున కిందికి జారాయి.

“ఇదేంది? మోటారు ఒకే మాదిరి తోడుతాది గదా. గీత వంగకూడదు. తాడు సరిగా పట్టినట్టు లేవు.”

“లేదు సార్, మూడు తూర్లు కొలిచినాను.”

“నేను చెప్తాండాను గదమ్మా!”

ఆయనే రబ్బరు తీసుకుని మూడు చుక్కలూ చెరిపేశాడు. స్కేలు పెట్టి గీతను చివరిదాకా తిన్నగా లాగించాడు. దాని ప్రకారం బావిలోని ఎనిమిది అడుగుల నీళ్లూ అయిపోవడానికి ఎనిమిది గంటలు. ప్రదర్శనలో రెండో బహుమతి వచ్చింది.

ఫిబ్రవరిలో ఆ పిల్ల నాలుగు రోజులు బడికి రాలేదు. “వాళ్ల మోటారు కాలిపోయినాది సార్. పత్తికి బిందెల్తో నీళ్లు మోస్తాండాది,” అంది పక్కన కూర్చునే నివేదిత.

శనివారం సారు స్కూటరు మీద సేత్తూరు వెళ్లాడు. బావిలోకి తొంగి చూడగానే సంగతి అర్థమైంది. పైన వెడల్పాటి గొయ్యి. మెట్ల కింది నుంచి బండ తొలిచిన ఇరుకు గుంట. ఇరుకులో అన్నే నీళ్లు తోడితే మట్టం తొందరగా దిగదా మరి! బావి మొహం చూడకుండానే లెక్క తేల్చేశాడు తను.

శివరంజని తండ్రి తిరుమలసామి మజ్జిగ తెచ్చిచ్చాడు. “ఎప్పుడూ గట్టున కూచుని చూసి ఆపేవాణ్ణి సార్. ప్రైజు వచ్చిన చార్టు గదా అని ఈసారి దాన్ని నమ్మినాను. ఏడు గంటల్లో తిరిగొద్దామని టౌనుకి పోయినాను. నడుమనే నీళ్లు అయిపోయి మోటారు వట్టిగా తిరిగినాది. పాప ఎక్కడో తప్పుగా కొలిచినాది. పిల్ల గదా, ఏం చేసేది!”

శివరంజని బిందె చంకనెత్తుకుని తల వంచుకుంది.  సారు అసలు సంగతి చెప్పకుండానే మజ్జిగ తాగి, వస్తానని చెప్పి బయలుదేరాడు. బస్సు రోడ్డు దాకా వెళ్లాక ఇక ముందుకు పోలేకపోయాడు. స్కూటరు వెనక్కి తిప్పాడు.

“అన్నా, తప్పు పాపది కాదు. సరిగ్గానే కొలిచినాది. కాదంటా ఉన్నా చార్టులో చుక్కలు నేనే చెరిపినాను.”

 తిరుమలసామి కూతురిని అడిగాడు: “నాతో ఎందుకు చెప్పలేదు?”

“సార్ చెప్పినాంక నాదే తప్పని అనుకున్నాను నాయనా.”

ఆ మాట విని సారు పిల్ల చేతిలోని బిందె అందుకుని, పొద్దు వాలేదాకా పక్క చేని బావి నుంచి నీళ్లు మోశాడు. మర్నాడూ వచ్చాడు. అయినా సగం చేను పూత రాల్చేసింది.

సోమవారం ఆ మూడు చుక్కలనూ బోర్డు మీద తానే పెట్టి, జరిగిందంతా క్లాసులో చెప్పాడు. పిల్లలు శివరంజనికి చప్పట్లు కొట్టారు. ఆమె నవ్వింది కూడా.

కానీ మూడు తూర్లు కొలిచానని ఎదురు చెప్పిన పిల్ల, ఇప్పుడు చిన్న లెక్క చేసినా నోటుబుక్కు పట్టుకొచ్చి “సరేనా సార్?” అంటుంది.

“నువ్వే చూసి చెప్పమ్మా,” అంటాడాయన.

ఆమె చెప్పదు. ఆయన టిక్కు పెట్టేదాకా అక్కడే నిలబడుతుంది.