ఓబుళమ్మ అచ్చు

ఇది ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లోవాళ్లకు కూడా. ఇరవై ఏళ్లు దాటింది, మోసి మోసి అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

గుత్తిలో డ్రాయింగు మాస్టరుగా పనిచేసే రోజుల్లో నాకూ, రైల్వేలో రిటైరైన నారాయణన్నకూ ఒకటే పిచ్చి, బొటనవేలంత బొమ్మలు చేయడం. మైనంతో బొమ్మ చెక్కి, దాని చుట్టూ సిలికాన్ రబ్బరు పోస్తే అది గట్టిపడి అచ్చవుతుంది. అందులో ఎన్ని బొమ్మలైనా పోసుకోవచ్చు. రబ్బరు బెంగళూరు నుంచి రావాలి. అందుకని పాడైన అచ్చులను ముక్కలుగా కోసి కొత్త రబ్బరులో కలిపేసేవాళ్లం. అన్న ఇంటి వెనక రేకుల షెడ్డే మా కార్ఖానా.

అన్న తన భార్య ఓబుళమ్మ చేట పట్టుకుని కూర్చున్నట్టు చెక్కాడు. అచ్చులోంచి తీసేటప్పుడు ఆ మైనం బొమ్మ విరిగిపోయింది. అచ్చులో పోసిన ఒక్క బొమ్మనూ, ఆమె పోయినప్పుడు ఆమెతోపాటే మట్టిలో పెట్టాడు. ఇక మిగిలింది ఆ అచ్చు ఒక్కటే. మనసు కుదుటపడ్డాక ఇంకోటి పోస్తానని అరలో దాచాడు. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు.

ఒక ఎండాకాలం అన్న మడకశిరలో బంధువుల ఇంటికి వెళ్లాడు. బెంగళూరులో ప్రదర్శనకు పంపాలని నెలల తరబడి చెక్కిన గుర్రపు రౌతుకు నేను అచ్చు పోస్తున్నాను. రౌతు మెడ దాకా వచ్చేసరికి రబ్బరు అయిపోయింది. పోసింది కాసేపట్లో గడ్డకడుతుంది. పాత ముక్కలు లేవు. అరలో చెయ్యి పెట్టాను. ఆగలేకపోయానా? ఆగితే ఏం పోయేది, ఒక బొమ్మ పాడయ్యేది, మళ్లీ చెక్కుకునేవాణ్ని. కోశాను. ముక్కలు చుట్టూ దించగానే రబ్బరు పైకి లేచి రౌతు తల మునిగింది. ఆ క్షణాన నాకు సంతోషమే వేసింది.

అన్న తిరిగొచ్చి అర వెదికాడు.

"ఈడ ఓబుళమ్మ అచ్చు ఉండె కదప్పా, యాడికి పోయినాది? నువ్వేమన్నా చూసినావా?"

"లేదన్నా. నేను చూడలే."

కోడలు సుజాతను పిలిచాడు. "ఈడ ఊడ్చింది నువ్వేనామ్మా?"

"కింద పడిన రబ్బరు తునకలు పారేసినా మామా. అచ్చులు ముట్టుకోల్యా."

ఆ తునకలు నేను రాల్చినవే. అక్కడే నిలబడి ఉన్నాను.

అన్న ఆమెను తిట్టలేదు. షెడ్డుకు తాళం వేశాడు. ఆమె చేతి అన్నం మానేసి తానే వండుకున్నాడు. రెండు రోజులు మిట్టమధ్యాహ్నం ఆమె వీధి చివర చెత్తకుప్పను చేతులతో కెలకడం చూశాను. సైకిలు ఆపలేదు.

మూడేళ్లకు అన్న మంచం పట్టాడు. ఒకరోజు నా ముందే ఆమె చేతి గంజి తాగి, "పోనీలేమ్మా, తెలీక పారేసినావు" అన్నాడు. ఆమె ఏడుస్తూ ఆయన కాళ్లు పట్టుకుంది. అప్పటికి తానే పారేశానని ఆమే నమ్మేసింది. నేను చేసినదానికి క్షమాపణ ఆమెకు దొరికింది. నాకు ఎవరిస్తారు? అడిగే ముఖమేనా నాది? ఆ నెలలోనే అన్న పోయాడు.

సుజాత ఇప్పటికీ గుత్తిలోనే ఉంది. ఎదురుపడితే "బాగుండారా సార్?" అంటుంది. తల ఊపి తప్పుకుంటాను. ఆమె ముందు నిలబడి చెప్పే ధైర్యం ఈ రోజుకీ లేదు. కనీసం ఒక్కచోటైనా ఉన్నదున్నట్టు రాసి ఉండాలి కదా.

ఆమె ఏమీ పారేయలేదు. ఆ అచ్చు కోసింది నేను.