వంటింటి అటక మీది కొత్త టైరు

నా చిన్నప్పుడు, భాగహారాలు కొత్తగా వచ్చిన ఏడాది, కంటపడిన సంఖ్యనల్లా నోటుపుస్తకంలో ఎక్కించే అలవాటు ఉండేది నాకు. కరెంటు స్తంభం మీది నంబరు, బియ్యం బస్తా మీది నంబరు, ఏదీ వదిలేవాణ్ణి కాదు. అలాంటి నాకు మా మావ కొన్న పాత కారు పెద్ద పుస్తకంలా దొరికింది.

గజపతినగరం దగ్గరి పల్లెలో మా అమ్మ పుట్టింట్లోనే పెరిగాను. వాళ్ళది సన్నాయి మేళం. తాతయ్యది సన్నాయి, మావది డోలు. ఏటా శివరాత్రికి శ్రీముఖలింగంలో వాయించేవారు. విజయనగరంలో ఒకసారి, శ్రీకాకుళంలో ఒకసారి బస్సు మారాలి. ముందు ఏడాది ఆ రద్దీలో తాతయ్య మోకాళ్ళ నొప్పితో చాలా దూరం నిలబడే వెళ్ళాడు. ఆ పండగ అవగానే మావ కారు కొన్నాడు. "వచ్చే శివరాత్రికి మా నాన్న కూకున్నోడు కూకున్నట్టే గుడికాడ దిగుతాడు" అని ఊళ్ళో కనిపించినవాళ్ళందరికీ చెప్పాడు.

ఆ శివరాత్రికి ఇంకా రెండు రోజులుందనగా వెనక టైరు ఒకటి పక్కన నిమ్మకాయంత ఉబ్బింది. డిక్కీలో ఉన్న స్టెప్నీ అరిగి అరచేయిలా నున్నగా అయిపోయింది. మావ మాత్రం కంగారు పడలేదు. కారుతో పాటు వచ్చిన టైరు ఒకటి వంటింటి అటక మీద ఉంది, ఒక్కసారీ రోడ్డెక్కనిది. దాన్ని దించి, డోలు వాయించే వేళ్ళతో టకటకా కొట్టి చూశాడు.

"సూడరా అల్లుడా, ఎంత బిగువుగా ఉన్నాదో! ఇలాంటిది ఇప్పుడెక్కడ దొరుకుతాది?"

దాని మీద రాసి ఉన్నదంతా నేను పుస్తకంలోకి ఎక్కించాను. 165/80 R14 85S. కారుకున్న మిగతా టైర్లతో పోల్చాను. ఒక్క అక్షరం తేడా లేదు. నా జాబితా పూర్తయిందనుకున్నాను.

నున్నటి స్టెప్నీ తగిలించుకుని, అటక మీది టైరు వెంటేసుకుని మెల్లగా గజపతినగరంలోని టైర్ల షాపుకు వెళ్ళాం. షాపాయన మావ ఈడువాడు, ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. నా పుస్తకం చూసి ముచ్చటపడి ఆ అంకెల అర్థం చెప్పాడు. 165 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. ఆ వెడల్పులో నూటికి ఎనభై వంతులు పక్కగోడ ఎత్తు. R అంటే లోపలి దారాల అల్లిక తీరు. 14 అంగుళాలు రిమ్ము. 85 ఒక్కో టైరు మోయగల బరువుకు గుర్తు, S వేగం హద్దుకు గుర్తు. నేను వేగంగా రాసుకుంటూ ఉంటే ఆయన ఆగి అడిగాడు.

"బాగా రాసినావు గానీ గుంటడా, రెండో పక్క సూసినావా?"

చూడలేదు. రెండు పక్కలా ఒకటే ఉంటుందనుకున్నాను. ఆయన టైరు తిరగేసి మసి తుడిచాడు. చిన్న కోడిగుడ్డు ఆకారపు గీత లోపల నాలుగంకెలు కనిపించాయి. మొదటి రెండూ టైరు తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం అని చెప్పి నన్ను లెక్క కట్టమన్నాడు. తొమ్మిదేళ్ళు వచ్చింది. నాకంటే ఒక్క ఏడాదే చిన్నది.

"అయితే ఏటి? ఒక్కరోజు తిరగలేదు కదా బావా," అన్నాడు మావ. "ఎలా మోగుతందో ఇను."

"మోగుతాది మరి, ఎండిపోనాది కదా," అన్నాడు షాపాయన. మోకాలితో టైరును వంచి పట్టుకుని గాడి మధ్య చూపించాడు. వెంట్రుకల్లాంటి సన్నటి పగుళ్ళు. "తొమ్మిదేళ్ళు అటక మీద పడున్న డోలు దించి రేపు గుళ్ళో వాయిస్తావేటి?"

మావ చుట్టూ చూశాడు. షాపులో పద్నాలుగు రిమ్ముకు సరిపోయేది ఇంకోటి కనిపిస్తే అది ఎక్కించమన్నాడు. అది 155/70, బరువు గుర్తు 77. "అటోటి, ఇటోటి ఏసి, సామాన్లతో ఆరుగుర్ని ఎక్కించుకుని ఎల్తావా? నాను బిగించను బావా," అన్నాడాయన. అదే సైజు టైరు విజయనగరం నుంచి రావాలి, మూడు రోజులు పడుతుంది. అంటే శివరాత్రి అయ్యాక.

మావ వంగి ఆ నాలుగంకెలను బొటనవేలితో మళ్ళీ రుద్ది చూశాడు. ఎక్కడ తప్పు చదివానో అని నేను లోపల్లోపల ఇంకోసారి లెక్క కట్టాను. తప్పు లేదు. చివరికి లేచి, "కారు ఇక్కడే ఉండనీ," అన్నాడు.

పండగనాడు తెల్లవారగానే మేళం మొత్తం బస్టాండులో నిలబడింది. తాళం వేసే చిన్నతాత ఊరుకుంటాడా? "ఏటిరా, కారు అత్తోరింటికి ఎల్లిపోనాదేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. షాపాయన బిగించలేదని మావ చెప్పొచ్చు, సరుకు రాలేదని చెప్పొచ్చు. రెండూ అబద్ధాలు కావు.

"టైరు ముసల్ది. కొట్టి సూసి కొత్తదనుకున్నాను, నా సెయ్యే తప్పు సెప్పినాది. ఈ గుంటడు లెక్క కట్టి సెప్పినాడు," అన్నాడు.

తాతయ్య మోకాలు రుద్దుకుంటూ మావ వైపు చూశాడు. "పోన్లేరా, నాలుగు సక్రాలకి బదులు ఆరు సక్రాల మీద ఎల్తన్నాం," అన్నాడు. బస్సు రాగానే మావ అందరికంటే ముందు ఎక్కి, కిటికీ పక్క సీటు మీద డోలు పెట్టి తాతయ్యకు చోటు పట్టిపెట్టాడు. తను దారంతా నిలబడ్డాడు. ఆ సాయంత్రం ఆయన వాయించింది ఎలా ఉందో చెప్పేంత సంగీతం నాకు రాదు. సన్నాయి పట్టుకుని తాతయ్య నవ్వడం మాత్రం చూశాను.

ఇప్పుడు నా ఉద్యోగం వాహనాల తనిఖీ. టైర్లను రెండు పక్కలా చదువుతాను, అవసరమైతే బండి కిందికి దూరి మరీ. అయినా మనిషినే కదా. పోయిన నెల నేనే సరిగ్గా ఉందని రాసి పంపిన బండి ఒకటి గేటు దాకా వెళ్ళాక అనుమానం వచ్చింది. పరుగెత్తి ఆపించి, లోపలి పక్క నేను చూడలేదని నలుగురి ముందూ చెప్పాను. పెద్దగా సిగ్గనిపించలేదు.