బ్రేకు మాస్టారి మీటరు

బ్రేకు మాస్టారికి ఆ పేరు ఊరికే రాలేదు. డ్రైవింగు స్కూల్లో ఆయన నేర్పే కారుకి పక్క సీటు కింద ఇంకో బ్రేకు ఉంటుంది. లారీ కనబడనక్కర్లేదు, రావచ్చన్న అనుమానానికే ఆయన కాలు దాని మీద పడుతుంది. తాడును చూసి పామనుకునే రకమని తోటి మాస్టార్లు నవ్వుతారు. నవ్వనీ. ఇన్నేళ్లలో ఆయన కారు ఒక కోడిపిల్లను కూడా తొక్కలేదు.

రోడ్డు భయానికి బ్రేకుంది. కరెంటు భయానికి ఏముంది? ఇంట్లో బల్బు మార్చాలన్నా భార్యే, ఫ్యూజు వెయ్యాలన్నా భార్యే. ఆవిడ స్క్రూడ్రైవరు పట్టుకుంటే ఈయన గుమ్మం అవతల నిలబడి "జాగ్రత్త, జాగ్రత్త" అని జపం చేస్తాడు. ఆవిడకేమన్నా అయితే తన బతుకేమిటన్నదే ఆయన భయమంతా.

ఆ మధ్య వాషింగ్ మెషీన్ ముట్టుకుంటే ఆవిడ చెయ్యి జివ్వుమనడం మొదలైంది. అదే వారం కారు బ్యాటరీ తెల్లారేసరికి చల్లబడిపోవడం మొదలుపెట్టింది. రెండు భయాలూ కలిసి ఆయన్ని ఎలక్ట్రికల్ షాపులోకి తోశాయి.

"మల్టీమీటరు ఇంటికా, కారుకా?" అని అడిగింది షాపావిడ.

"రెంటికీనమ్మా. ఎప్పుడో ఒకసారి వాడేదే. కానీ వాడినవాళ్లు బతికుండాలి."

ఆవిడ నవ్వు ఆపుకుని రెండు మీటర్లు ముందు పెట్టింది. "ఈ మీటరుకి చక్రం మీరే తిప్పుకోవాలండీ. కారు బ్యాటరీకి తిన్నటి గీత దగ్గర, ఇంటి కరెంటుకి వంకర గీత దగ్గర పెట్టాలి. ఆ రెండో మీటరైతే ఏ కరెంటో దానంతటదే కనిపెట్టేస్తుంది. ఎప్పుడో ఓసారి వాడేవాళ్లకి అదే నయం."

దానంతటదే అనగానే ఆయనకు ఒళ్లు జలదరించింది. "దానంతటదే పోతుంది సార్" అని స్టీరింగు వదిలేసిన శిష్యులను ఆయన చాలామందిని చూశాడు. "నా చేత్తో తిప్పుకునేదే ఇవ్వమ్మా," అన్నాడు. లోపల ఫ్యూజుందా, వైర్ల చివర ఆనించి చూసే పుల్లల తొడుగు మందమేనా అని ఆవిడ ప్రాణం తోడేసి, దాన్నే కొనుక్కొచ్చాడు.

మర్నాడు సెలవు. ముందు కారు బ్యాటరీ మీద పెట్టి చూశాడు. పన్నెండు వోల్టుల చిల్లర చూపించింది. తర్వాత ఇద్దరూ వెనక గదిలో మెషీన్ దగ్గరికి వెళ్లారు. బోర్డులో ఎర్తు వైరు వదులైందేమోనని ఆవిడ అనుమానం. మెయిన్ ఆపింది, హాల్లో ఫ్యాను ఆగింది. ఆయన స్విచ్చు వేసి, ఊపిరి బిగబట్టి, సాకెట్లో పుల్లలు దూర్చాడు. సున్నా.

"చూశారుగా. ఇక విప్పనా?"

"ఆగు. మీటరే చచ్చిందేమో."

మళ్లీ కారు దగ్గరికి పరిగెత్తాడు. బ్యాటరీ మీద పన్నెండు చిల్లర. మీటరు బతికే ఉంది. వెనక్కొచ్చి మళ్లీ సాకెట్లో పెట్టాడు. సున్నా. ఇంతకంటే జాగ్రత్త ఎవరు పడతారు? "ఇంక భయం లేదు, విప్పు," అన్నాడు. ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు.

ఆవిడ బోర్డు ఊడదీసి లోపలి వైరును వేళ్లతో పట్టుకుంది. చిన్న కేక పెట్టి, ఎవరో తోసినట్టు వెనక్కి పడి గోడకు కొట్టుకుంది. కదల్లేదు. పోయిందనే అనుకున్నాడు. గుమ్మంలోకి జరిగి నిలబడ్డవాడు ఒక్క అడుగు ముందుకు వెయ్యలేకపోయాడు.

ఆవిడ మూలిగింది. అప్పుడు చెవులు పనిచేశాయి. గోడ అవతల అన్నగారి వాటాలో వదినగారి మిక్సీ గరగరమని తిరుగుతోంది. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు గదులు పంచుకున్నారు, గిన్నెలు పంచుకున్నారు, వైర్లు మాత్రం పంచుకోలేదు. ఈ గదికి కరెంటు ఇప్పటికీ అన్నగారి వైపు నుంచే వస్తోంది.

"వదినా, మీ మెయిన్ ఆపండి," అని అరిచాడు. మిక్సీ ఆగింది. చేతిలో మీటరు ఇంకా ఉంది. దాని చక్రం తిన్నటి గీత దగ్గరే ఉంది, కారుకి పెట్టింది పెట్టినట్టే. ఇంటి కరెంటు అక్కడ దానికి కనబడదు. కారు దగ్గరికి పరిగెత్తి ఆయన తెచ్చింది అబద్ధానికి ఇంకో సాక్ష్యం.

ఆస్పత్రికి వెళ్తుంటే ఆవిడ కమిలిన వేళ్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఇన్నేళ్లూ ఎన్నిసార్లు విప్పావు. ఎప్పుడూ ఇలా అవలేదే," అన్నాడు.

"మెయిన్ ఆపినా నేను నమ్మేదాన్ని కాదండీ. నాకూ భయమే. ప్రతి వైరుకీ టెస్టరు ఆనించి చూసుకుని, అప్పుడే చెయ్యి పెట్టేదాన్ని."

"మరి ఇవాళ?"



"ఇవాళ మీరు భయం లేదన్నారు కదా," అంది.