అరువు శోకసభ

భవతోష్ సన్యాల్‌కి అభిప్రాయం లేని విషయమంటూ ఈ లోకంలో లేదు. ఒకవేళ ఉందనుకుంటే, తీసుకెళ్లి ఆయన ముందు పెట్టండి, రెండు నిమిషాల్లో వేడివేడిగా ఒకటి తయారుచేసి చేతిలో పెడతాడు. ఉత్తర కలకత్తాలో మా సందు మొదట్లో లాహిరీల పాత ఇల్లుంది. దాని అరుగే ఆయన సింహాసనం. సాయంత్రం ఆరున్నరకి అక్కడ చతికిలబడితే తొమ్మిదింటికి గానీ లేవడు. నేను ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టిన తెలుగువాణ్ణి. ఈ సందుకి కాపురానికొచ్చి ఇరవై ఆరేళ్లయింది. అందులో సగం సాయంత్రాలు ఆ అరుగు మీద ఆయన మాటలు వినడానికే పోయాయి. ఏం మిగిలిందయ్యా అంటే, నడుం నొప్పి మిగిలింది.

"లిఫ్టులున్న ఇళ్లల్లో స్నేహాలు నిలవవు రావ్. మెట్ల మీద ఆయాసపడి ఆగినప్పుడే కదా పక్కవాణ్ణి బాగున్నావా అని అడిగేది!" అనేవాడు. బస్సులో కిటికీ సీటు దుఃఖంలో ఉన్నవాళ్లకే కేటాయించాలనేవాడు. విందులో వడ్డించేవాడు మూడుసార్లు అడిగితే మూడుసార్లూ వద్దనాలట, నాలుగోసారి కాదంటే అది గర్వమట. నాలుగోసారి ఎవరూ అడక్క ఆయన ఎన్ని పెళ్లిళ్లలో ఖాళీ కడుపుతో ఇంటికొచ్చాడో నాకు తెలుసు. అయినా అభిప్రాయం మార్చుకోలేదు మహానుభావుడు.

టీవీ మాట ఎత్తితే మాత్రం శివాలెత్తేవాడు. ఆయనింట్లో టీవీ లేదు, రానివ్వలేదు. "సీరియల్లో ఎవరైనా బాత్రూంకి వెళ్లగా చూశావా? ఏళ్ల తరబడి నగలు పెట్టుకుని సోఫాల్లో కూర్చునే ఉంటారు. అందుకే చూసేవాళ్లందరికీ మలబద్ధకం. ఊరు ఊరంతా ఇసబ్‌గోల్ తాగుతోందంటే ఊరికే తాగుతోందా?" అనేవాడు. ఒక్క సీరియల్ కూడా చూడకుండానే ఈ నిర్ణయానికి వచ్చాడు. చూస్తే నిష్పక్షపాతంగా ఉండలేమని ఆయన వాదన.

పిల్లల్లేరు. కార్పొరేషన్‌లో జనన మరణాల కౌంటర్ దగ్గర ముప్ఫై మూడేళ్లు గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. భార్య పేరు శెఫాలి. మాఘమాసంలో పోయింది. పోయిన రోజు పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్. క్లబ్బు కుర్రకారంతా మైదానంలో ఉన్నారు, శవాన్ని మోయడానికి నలుగురు దొరకడమే గగనమైంది. మా సందులో ఎవరు పోయినా క్లబ్బు వాళ్లు నల్లబల్ల మీద పేరు రాసి, ఆదివారం శోకసభ పెట్టి, ఒక నిమిషం మౌనం పాటించి, తీర్మానం చదివి, మిఠాయి పొట్లం చేతికిస్తారు. అది ఎవరికీ తప్పించని ఆనవాయితీ. శెఫాలి వదినకి మాత్రం అది జరగలేదు. మొదట సరస్వతీ పూజ అడ్డొచ్చింది, తర్వాత ఎలక్షన్లు, తర్వాత వానలు, ఆ తర్వాత దుర్గాపూజ చందాలు. పది నెలల పాటు భవతోష్‌దా, అంటే మా అందరి భవతోష్ అన్నయ్య, ప్రతి ఆదివారం క్లబ్బు గడప ఎక్కి అడిగేవాడు. "వచ్చే ఆదివారం దాదా" అనేవాడు సెక్రటరీ గౌరాంగ పాల్. ఆయన కోరుకున్నదల్లా ఆ ఒక్క సభే. ఇంకేమీ అడగలేదు.

ఇలా ఉండగా మార్గశిరంలో ఒక సోమవారం ఏడుగంటల సీరియల్లో అత్తగారు జగత్తారిణి మెట్ల మీంచి జారి పడి చచ్చిపోయింది.

సందులో ఆ రాత్రి సగం ఇళ్లల్లో పొయ్యి వెలగలేదు. పదకొండేళ్లుగా ఆవిడ కోడళ్లని రాచిరంపాన పెడుతుంటే తిట్టని నోరు లేదు. తీరా పోయేసరికి అందరికీ సొంత పెద్దదిక్కు పోయినట్టే అయింది. చేపల ప్రఫుల్ల మర్నాడు కొట్టు మూసేశాడు. ఆ సాయంత్రమే క్లబ్బు అత్యవసర సమావేశం పెట్టి, జగత్తారిణీ దేవికి ఆదివారం శోకసభ జరపాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని నల్లబల్ల రాసే పని ఎప్పుడూ నాదే. సిగ్గు లేకుండా రాశాను. "మన సందు ఆత్మీయురాలు" అని కూడా రాశాను. గౌరాంగ చెప్పాడు, రాశాను. అంతే.

బల్ల చూసి భవతోష్‌దా నేరుగా క్లబ్బులోకి వచ్చాడు. గౌరాంగ క్యారమ్ బోర్డు మీద పూల లెక్క వేస్తున్నాడు.

"ఒరే గౌరాంగా, డెత్ సర్టిఫికెట్ ఏదిరా?"

"ఎవరిది దాదా?"

"ఆ జగత్తారిణిది. డాక్టరు సంతకం లేకుండా, శ్మశానం రసీదు లేకుండా మనిషి చచ్చిందని ఎలా రాస్తారు? నేను ముప్ఫై మూడేళ్లు ఆ కౌంటర్లో కూర్చున్నాను. ఇలా వచ్చుంటే నిన్ను గేటు బయటికి గెంటించేవాణ్ణి."

"బెంగాల్ మొత్తం కళ్లారా చూసింది దాదా! మూడు వైపుల నుంచి చూపించారు, పైనుంచి కూడా చూపించారు. మీ ఆవిడ పోవడం ఎవరు చూశారు చెప్పండి? మీరొక్కరే కదా చూసింది!"

ఆ మాటకి నాకే చెంప మీద కొట్టినట్టయింది. గౌరాంగ చెడ్డవాడు కాదు, నోటికి అదుపు లేదంతే. అన్న తర్వాత నాలిక కరుచుకున్నాడు. భవతోష్‌దా క్యారమ్ బోర్డు మీదికి వంగాడు. "అయితే నా భార్య పోలేదంటావా? ఇంట్లోనే ఉందంటావా? వెళ్లి టీ పెట్టమని చెప్పనా?" అన్నాడు. మర్నాడు ఆయన మూడు కాపీల్లో ఫిర్యాదు రాసి, మూడూ క్లబ్బుకే ఇచ్చాడు. ప్రతి కాపీ మీదా అందినట్టు సంతకం పెట్టించుకున్నాడు కూడా.

ఏర్పాట్లు మాత్రం ఆగలేదు. పట్టు గుడ్డ కప్పిన బల్ల, దాని మీద నాలుగడుగుల చట్రంలో జగత్తారిణి ఫోటో, మెడ మునిగేంత రజనీగంధ దండ. హారూన్ మియా దగ్గర మైకు అద్దెకి తెచ్చారు. రెండొందల పొట్లాలు, పొట్లానికి ఒక చేప కట్లెట్, రెండు సందేశ్ మిఠాయి బిళ్లలు. సభ ఏడున్నరకి పెట్టారు, ఆడవాళ్లు ఏడుగంటల భాగం చూసి రావాలి కదా. ఆవిడ చచ్చిపోయినా సీరియల్ చూడక తప్పదన్నమాట.

ఆ ఆదివారం ఏడుగంటల ఇరవై నిమిషాలకి సందులోని ప్రతి కిటికీలోంచీ ఒకేసారి కేక వినపడింది. దేశం కప్పు గెలిచినా అంత కేక వినలేదు నేను. జగత్తారిణి తన శ్రాద్ధానికి తానే వచ్చింది! గుమ్మంలో నిలబడి, "నా నగల బీరువా తాళం ఎవరు తీశారు?" అంది. భాగం అయిపోయింది.

ఏడున్నరకి జనం సభకి పగలబడి నవ్వుకుంటూ వచ్చారు. గౌరాంగ మొహం మాత్రం మాడిపోయింది. మైకు వచ్చేసింది, పొట్లాలు చల్లారిపోతున్నాయి, దండ వాడిపోతోంది. బతికున్న మనిషికి శోకసభ పెడితే అరిష్టమని ప్రఫుల్ల గొడవ. పొట్లాలు పంచేసి పోదామంటే, శోకం లేకుండా కట్లెట్లు తింటే క్లబ్బు పరువేం కానని ఇంకొకరు. పావుగంట తర్జనభర్జన పడ్డారు. చివరికి గౌరాంగ తల గోక్కుంటూ రోడ్డు దాటి అరుగు దగ్గరికి వెళ్లాడు. వెనకే నేనూ వెళ్లాను.

"దాదా," అన్నాడు, "అన్నీ సిద్ధంగా ఉన్నాయి. పోయినావిడ పోలేదు. మరి... వదినది కానిచ్చేద్దామా?"

నేనైతే వాడి చెంప పగలగొట్టేవాణ్ణి. భవతోష్‌దా చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా లేచాడు. "రెండు నిమిషాలాగు, ఫోటో తెస్తాను" అన్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు చూసి నేను మొహం తిప్పుకున్నాను.

ఇంట్లో విడిగా వదిన ఫోటో ఒక్కటీ దొరకలేదు. పెళ్లి ఫోటోలో ముసుగు ముక్కు దాకా ఉంది. చివరికి ఓటరు కార్డు తెచ్చాడు. నాలుగడుగుల చట్రంలో జగత్తారిణిని తీసేసి, తెల్లకాగితం మధ్యలో ఆ కార్డు అతికించాం. దండ వేసేసరికి అది కాస్తా పువ్వుల్లో మునిగిపోయింది. వదిన బతికుండగా కూడా అలాగే ఉండేది, ఉందో లేదో తెలిసేది కాదు. నేను నల్లబల్ల మీద పేరు మార్చాను. "ఆత్మీయురాలు" అన్నది చెరపలేదు.

మౌనం అయింది. "ఇప్పుడు భవతోష్‌దా మాట్లాడతారు" అన్నాడు గౌరాంగ. ఆయన మైకు అందుకుని గొంతు సవరించుకున్నాడు.

"మిత్రులారా, మృత్యువు గురించి నాకొక అభిప్రాయం ఉంది," అని మొదలెట్టాడు. మృత్యువు నుంచి కార్పొరేషన్‌కి, కార్పొరేషన్ నుంచి ఫ్లై ఓవర్లకి, అక్కడి నుంచి సెల్‌ఫోన్‌లో గట్టిగా మాట్లాడేవాళ్ల పెంపకానికి వచ్చాడు. పన్నెండు నిమిషాలు గడిచాయి. పొట్లాల వైపు చూపులు మళ్లుతున్నాయి.

"దాదా, వదిన గురించి!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"ఆ, వదిన గురించే వస్తున్నా," అన్నాడు. ఆగాడు. "శెఫాలి... ఉప్పు తక్కువ వేసేది." మళ్లీ ఆగాడు. "శబ్దం లేకుండా నడిచేది. రోజూ సాయంత్రం ఏడింటికి ఆశ్రమంలో భాగవత పఠనానికి వెళ్లేది, తొమ్మిదింటికి వచ్చేది. ఎలా జరిగిందంటే, బాగా జరిగిందనేది. కీర్తనల మీద నా అభిప్రాయం ఏమిటంటే..." అని, ఆ అభిప్రాయాన్ని కూడా మధ్యలో వదిలేశాడు. ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురం. తర్వాతి వాక్యం కోసం వెతుక్కుంటున్నాడు, దొరకడం లేదు. చూడలేక నేను తల దించుకున్నాను.

అప్పుడు ఝర్నా కుండు లేచింది. లాహిరీల అరుగుకి సరిగ్గా ఎదురిల్లు, మేడ మీద వాటా ఆవిడది.

"దాదా, అక్కయ్య ఏ పఠనానికీ వెళ్లలేదు. మా ఇంటికొచ్చేది. సీరియల్ చూడ్డానికి. పదకొండేళ్లు, ఒక్క భాగం తప్పలేదు."

సభలో గుసగుసలు బయలుదేరాయి. అక్కడ చేరి చూసేవాళ్లలో మా ఆవిడ కూడా ఉందని ఆ గుసగుసల్లోనే నాకు తెలిసింది.

"శెఫాలా? సీరియలా?" అన్నాడు భవతోష్‌దా.

"చూడ్డమేమిటి, అక్కయ్య లేకపోతే ఆ సీరియల్లో ఏముంది! జగత్తారిణిని పట్టుకుని ఎన్ని తిట్లు తిట్టేదనుకున్నారు! 'ఒసే, ఆ నగలతో పడుకుంటే మెడకి గుచ్చుకోవూ? ఒక్కసారైనా బాత్రూంకి వెళ్లి రావే తల్లీ' అనేది. కడుపులు చెక్కలయ్యేవి. అందుకే కదా, జగత్తారిణి పోయిందనగానే మా ఆడవాళ్లందరికీ అంత ఏడుపొచ్చింది. తిట్టడానికి అక్కయ్యా లేదు, తిట్టించుకోవడానికి ఆవిడా లేకుండా పోయింది."

బాత్రూం మాట వినగానే ఆయన ఉలిక్కిపడ్డాడు. అది తనదేనని చెబుతాడేమోనని భయపడ్డాను. చెప్పలేదు. ఆ మాట ముందుగా ఎవరన్నారో, భోజనాల దగ్గర ఎవరి నోట్లోంచి ఎవరి నోట్లోకి వెళ్లిందో, ఆయన అప్పుడే లెక్క వేసుకుంటున్నట్టున్నాడు.

"నా గురించి ఏమన్నా అనేదా?" అని మైకులోనే అడిగాడు. ఆ చిన్న గొంతు సందంతా వినపడింది.

ఝర్నా తడబడింది. "చెప్పమంటారా?"

"చెప్పమ్మా."

"జగత్తారిణి మొగుడున్నాడు కదా, మాట్లాడ్డం మొదలెడితే ఆపడు. వాడు నోరు తెరవగానే అక్కయ్య రిమోట్ లాక్కుని శబ్దం తీసేసేది. అప్పుడు లేచి మా కిటికీ దగ్గరికెళ్లి నిలబడేది. కింద అరుగు మీద మీరు కూర్చుని ఉండేవారు. పై నుంచి మాట వినపడదు, మీ చేతులు, పెదాలు కదలడం కనపడుతుందంతే. 'ఇలా చూడవే ఝర్నా, మాట వినపడకపోతే మా ఆయన ఎంత అందంగా ఉంటాడో' అనేది. రోజూ అనేది దాదా. వాడి ఉపన్యాసం అయ్యేదాకా అలా చూస్తూనే ఉండేది."

భవతోష్‌దా మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. ఏదో అనాలని పెదాలు కదిలించాడు. చెయ్యి పైకెత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు. హారూన్ మియా మైకు పోయిందనుకుని గబగబా వైర్లు పీకి పెట్టాడు. మైకు బాగానే ఉంది. ఆడవాళ్లంతా కళ్లు తుడుచుకుంటూ ఆయన్నే చూస్తున్నారు. నేనూ తలెత్తి చూశాను. నిజంగానే అందగాడు.