పెద్దపల్లిలో దిగిన అప్పీలు

రామగుండంలో రైలెక్కి నా ఎదుట కూర్చున్న పెద్దాయన, నా ఒళ్లోని నల్లకోటు చూసి, టిఫిన్ డబ్బా సంచిలోంచి కోర్టు కాగితాలు తీశాడు.

"హైకోర్టుకు యాడ దిగాలె బిడ్డా? అప్పీలు వెయ్యాలె."

పక్కింటాయనను బజార్లో కొట్టినందుకు మేజిస్ట్రేటు ఆయనకు జరిమానా వేశాడు. గనిలో రిటైరయ్యేదాకా ఒక్క చార్జిషీటు తీసుకోని మనిషి. ఇప్పుడు పేరుకు మచ్చ పడిందని ఆయన బాధ.

"మేజిస్ట్రేటు తీర్పు మీద అప్పీలు సెషన్స్ కోర్టుల వెయ్యాలె కాకా. హైదరాబాద్ దాక ఎందుకు? అది పెద్దపల్లిలనే ఉంది, ముందల వచ్చే స్టేషనే."

ఆయన కాగితాలు మళ్లీ సంచిలో పెట్టాడు.

"గనిల ఓవర్‌మన్ మాట నచ్చకుంటె మేనేజర్ దగ్గరికి పోవాలె, సీదా హెడ్డాఫీసుకు ఉరుకొద్దు. గంతేనా?"

నేను ఏళ్లకేళ్లు చదివింది అంతే.

"ఇంతకీ కొట్టింది నిజమేనా కాకా?"

"గీయన్నే అడుగు," అంటూ పక్కన కునుకుతున్న మనిషిని మోచేత్తో పొడిచాడు.

ఆ మనిషి కళ్లు నులుముకున్నాడు. "రెండు దెబ్బలు కొట్టిండమ్మా. కేసు పెట్టింది నేనే. ఒక్కడే పట్నం పోతే యాడన్న తప్పిపోతడని వెంట వస్తున్న."

పెద్దపల్లిలో ఫిర్యాదుదారు ముందు దిగి, టిఫిన్ డబ్బా అందుకుని, ముద్దాయికి చెయ్యి అందించాడు.

ఇప్పటికీ కొట్లాట కేసుతో ఎవరొచ్చినా, కాగితాలు విప్పేముందు వాళ్ల పక్కన ఎవరు కూర్చున్నారో చూస్తాను.