మెడకు గంజి పెట్టి పెళ్లిచూపులకు

పెళ్లిచూపుల్లో పిల్లను చూడమంటే ఫ్యానును చూసిన ఘనుడు మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా నేనొక్కణ్ణే. ఆ ఘోరం చెబుతాను. చేతిలో కాఫీ ఉంటే పక్కన పెట్టండి, పొలమారుతుంది.

గిద్దలూరు సంబంధం తెచ్చిన మా మేనత్త, "పిల్ల ఇంగ్లీషు ప్రేమకథలు తెగ చదువుతాదంటరా. కొంచెం నాగరికంగా కనపడు" అన్నది. నాగరికం కోసం లైబ్రరీకి పరిగెత్తాను. రెండు వందల ఏళ్ల కిందటి ఇంగ్లండు కథ ఒకటి దొరికింది. ఇంగ్లీషు కొరుకుడు పడక బొమ్మలు చదివాను. ఏ బొమ్మ చూసినా ఒకటే తంతు. చంకల కిందే నడుము మొదలయ్యే గౌనులో ఒక దొరసాని. ఆమె ముందు, ఒంటికి అంటించినట్టున్న ప్యాంటులో మోకాళ్ల మీద ఒక దొర. అతని మెడ చుట్టూ గడ్డం దాకా తెల్లగుడ్డ. దొరసాని కళ్లు ఆ గుడ్డ మీదే! ప్రేమ రహస్యం దొరికిపోయింది.

ప్యాంటు టైలరు బిగించాడు. గుడ్డ సంగతి నేనే చూసుకున్నాను. నాయన పంచె నిలువునా చించి, చిక్కటి గంజిలో ముంచి, మెడకు చుట్టుకుని, మే నెల ఎండలో మిద్దె మీద నిలబడ్డాను. ఆరేసరికి మా మార్కాపురం రాతి పలకను మెడకు కట్టినట్టు బిగిసింది.

"ఏందిరా ఆ కట్టు? ఎద్దేమన్నా కుమ్మిందా?" అన్నది అమ్మ.

"ఫ్యాషనమ్మా!"

"పంచె ఏదని మీ నాయన అడిగితే తెలుస్తాది ఫ్యాషను."

గిద్దలూరులో నన్ను కుర్చీలోనూ, పిల్లను ఎదురుగా చాప మీదా కూర్చోబెట్టారు. నా చూపు అంత కిందికి దిగితేనా!

"పిల్లను చూడు నాయనా" అన్నాడు పిల్ల తండ్రి.

ఫ్యానును చూశాను.

"నచ్చలేదేమో" అని ఎవరో గొణిగారు.

"అయ్యో, నచ్చింది!" అన్నాను, ఫ్యానుతోనే.

"పాపం, మెడ పట్టేసినట్టుంది" అని తేల్చింది పిల్ల అవ్వ.

మేనత్త నా చెవిలో, "అవునను. లేకుంటే పొగరనుకుంటారు, సంబంధం పోతాది" అన్నది.

"అవునవ్వా, పొద్దుటినుంచీ!" అన్నాను.

"ఇంతేనా? మా పిల్ల ఎదురుకాళ్లతో పుట్టింది. కాలితో ఒక్కటి తంతే ఎట్లాంటి పట్టయినా వదులుతాది. లెయ్యే, సిగ్గుపడమాక!"

నన్ను లాగి పిల్ల ముందు మోకాళ్ల మీద కూలేశారు. ప్యాంటు కుట్లు చిటపటలాడాయి. అచ్చం బొమ్మలో దొర భంగిమే! కాకపోతే అతని మొహం దొరసాని వైపుంటుంది, ఇక్కడ పిల్ల వైపు నా వీపుంది.

తన్నింది. ఫెళ్లుమంది.

"అమ్మో, మెడ ఇరిగింది!" అని ఇల్లంతా కేకలు.

విరిగింది గంజిగుడ్డ. తల తిప్పి తొలిసారి ఆమెను చూశాను. గుడ్డ ముక్క పట్టుకుని, నవ్వు ఆపుకుంటూ, ఎవరికీ వినపడకుండా అన్నది: "ఆ బొమ్మలు నేనూ చూసినానండీ. దొరసాని కుర్చీలో కూర్చుంటాది. చాప మీద కూర్చుంటే ఆ దొర గూడా ఇది కట్టుకోడు."

"నయమైందా నాయనా?" అన్నది అవ్వ.

"నయమైందవ్వా. ముహూర్తం పెట్టించండి!"

ఆవిడ ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. ఆ కాలూ ఆవిడతోనే వచ్చింది. అందుకే ఆ కాలి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో నా మెడకు గంజి తగలనివ్వను. పెళ్లయిన మగవాడి మెడ ఎప్పుడంటే అప్పుడు వంగాలి.