ఎంగిలి బోనం

హైదరాబాద్‌ను ఒక్క రోజులో చూపిస్తానని చెప్పేవాడు అబద్ధాలకోరు. ఆ అబద్ధం మీదే నేను పదకొండేళ్లుగా బతుకుతున్నాను. పేరు సాయిచంద్. మావాళ్లది తణుకు, నేను పెరిగింది మూసాపేటలో. హైటెక్ సిటీ కంపెనీలకు విదేశాల నుంచి అతిథులు వస్తే వాళ్లను మినీ బస్సులో తిప్పుతాను. పొద్దున చార్మినార్, ఇరానీ చాయ్. ఆ తర్వాత గోల్కొండలో చప్పట్లు, మధ్యాహ్నం బిర్యానీ. సాయంత్రం కంపెనీ ఆవరణలోనే ఒక గంట సంస్కృతి. నాలుగు వందల ఏళ్ల ఊరిని తొమ్మిది గంటల్లో నమిలించి మింగించడం నా పని.

ఆ సాయంత్రపు గంటలోకి చంద్రమ్మను తెచ్చింది నేనే. కాబట్టి ఆమె సంగతి రాయాల్సింది కూడా నేనే. ఇంకెవరూ రాయరు.

చంద్రమ్మది కొత్తగూడ. కంపెనీ అద్దాల భవనం ఉన్నచోట ఒకప్పుడు ఆమె అత్తగారి జొన్న చేను ఉండేది. చేను పోయింది, భర్త మల్లయ్య పోయాడు, చేని గట్టు మీది పోచమ్మ మాత్రం కదల్లేదు. ఆ గుడిని తీసేయమంటే కూలీలు పార పట్టలేదట. చేసేదిలేక కంపెనీవాళ్లు చుట్టూ ప్రహరీ కట్టేసి, వేపచెట్టు కింది రాతికి రంగు వేయించి, పక్కన ఇంగ్లీషు బోర్డు ఒకటి నిలబెట్టారు.

అదే భవనంలో చంద్రమ్మ పదిహేనేళ్లు నేలలు తుడిచింది. నీ చేలో నువ్వే చీపురు పట్టావు కదమ్మా అని నేను ఆటపట్టిస్తే నవ్వేది. "ఏం జేస్తం బిడ్డా, రోజూ అమ్మకు దీపమైతే పెట్టుకుంటున్న గదా" అనేది. మెడలో కార్డు ఉన్నన్నాళ్లూ ఆ మాట చెల్లింది. వయసు మీరిందని కాంట్రాక్టరు కార్డు తీసేసుకున్న మర్నాటి నుంచి గేటు దగ్గరి గార్డు ఆమెను గుర్తుపట్టడం మానేశాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా లేడు, లాఠీ పట్టుకున్న గార్డే.

పోయినేడు వానాకాలంలో ఆమె మనవరాలు వర్షితకు డెంగీ వచ్చింది. తల్లి పోయిన పిల్ల. మియాపూర్‌లో కిరాయి గదిలో అమ్మమ్మ దగ్గరే ఉంటుంది. పన్నెండు రోజులు దవాఖానలో పడి ఉంది. పిల్ల కళ్లు తెరవని రోజున చంద్రమ్మ వరండాలో నిలబడి చేని గట్టు పోచమ్మకు బోనం మొక్కింది. పిల్ల బతికింది. మొక్కు మిగిలిపోయింది. ఊళ్లో పోచమ్మ గుళ్లకు కరువులేదు కానీ వేరేచోట ఇస్తే ఈ మొక్కు తీరదు. మొక్కిన అమ్మ గోడ లోపల ఉంది.

"ఆషాఢం పోతే మల్ల ఏడాది దాక ఆగాలె. గప్పటిదాక పిల్లకు ఏమన్నయితే? జర నన్ను లోపలికి తోల్కపో బిడ్డా" అని నాకు తొమ్మిదిసార్లు ఫోన్ చేసింది. పిల్లకు ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, మొక్కు తీర్చలేదనే వచ్చిందని వణికిపోయేది.

నాకో ఉపాయం తట్టింది. కంపెనీలో అతిథుల కార్యక్రమాలు చూసే ఉమాశ్రీకి చెప్పాను, నిజమైన ఊరామె నిజమైన బోనం ఎత్తుతుందని. ఆ అమ్మాయి ఎగిరి గంతేసింది. "చాలా ఆథెంటిక్‌గా ఉంటుందండీ! ప్రోగ్రామ్‌లో పెట్టేద్దాం" అంది. పెట్టింది కూడా. ‘నాలుగు గంటలకు బోనం: చూడండి, రుచి చూడండి’ అని కాగితం అచ్చువేయించింది. పాపం, ఆ పిల్లకు బోనమంటే కుండలో పెట్టిన ఒక వంటకం. నాకు తెలుసు. అమ్మవారికి పెట్టకముందు ఎవరూ ముట్టకూడదని తణుకులో అయినా తెలుసు. కాగితం చదివి, తర్వాత మార్పిద్దాంలే అనుకున్నాను. మార్పించలేదు.

కార్యక్రమం పెట్టిన గురువారం వచ్చింది. చంద్రమ్మ ఒక్కపొద్దుండి, కొత్త కుండలో బెల్లం, పాలు పోసి అన్నం వండి, కుండకు పసుపూ కుంకుమా పెట్టి, వేపమండలు కట్టి, పైన దీపంతో గేటు దగ్గర దిగింది. నూనె దీపం కుదరదు, ఫైర్ సేఫ్టీ అన్నాడట గార్డు. ఉమాశ్రీ పరుగెత్తుకెళ్లి బ్యాటరీ దీపం తెచ్చింది. చంద్రమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "వెలుగైతే ఉంది గదా" అని సర్దుకుందట.

నాలుగింటికి కుండ తలకెత్తింది. ఎత్తిన బోనం అమ్మ ముందు తప్ప ఎక్కడా దించకూడదు. పోచమ్మ నలభై అడుగుల దూరంలో ఉంది. "గెస్టులు వచ్చాకే నడవాలి ఆంటీ, ఫొటోలు కావాలి" అందట ఉమాశ్రీ. గెస్టులేమో బిర్యానీ అయ్యాక మళ్లీ పాతబస్తీకి వచ్చి నాతో పాటు లాడ్ బజార్‌లో గాజులు బేరమాడుతున్నారు. మేం చేరేసరికి ఆరు కావస్తోంది. రెండు గంటలు ఆ ముసలామె కడుపులో మెతుకు లేకుండా, నెత్తిన కుండతో అక్కడే నిలబడి ఉంది.

ఆరున్నరకు వాళ్లు ఎయిర్‌పోర్టుకు బయల్దేరాలి. బిర్యానీ త్రేన్పులతో బస్సు దిగిన ఒక పొడుగాటాయన కాగితం చూసి, రుచి చూడటం ఎక్కడ అని అడిగాడు. "సాయిచంద్ గారూ, ఆ నడక వదిలేద్దామండీ. టేస్టింగ్ చేయించి పంపేద్దాం" అంది ఉమాశ్రీ.

"ఏమంటుండ్రు బిడ్డా?" అని చంద్రమ్మ నన్ను అడిగింది.

"కొంచెం రుచి చూస్తారటమ్మా."

"అమ్మకు పెట్టినంక అందరికి పెడ్త. గింత దూరమే గదా, ఎంతసేపు?"

ఆమె ఏమంటోందని పొడుగాటాయన అడిగాడు. ఒక్క వాక్యం చెబితే చాలు, అందరూ ఐదు నిమిషాలు ఆగేవాళ్లే. సంతోషంగా పెడతానంటోందని చెప్పాను. చెప్పి, కుండను నా చేతుల్తో నేనే దించాను. ఆమె ఆపబోయింది. చేతులు తిమ్మిరెక్కి పట్టు చిక్కలేదు.

కాగితపు కప్పులు వచ్చాయి, చెక్క చెంచాలు వచ్చాయి. ఒకామె బొటనవేలు ఎత్తి చూపించింది. చాలామంది ఒక చెంచా నోట్లో పెట్టుకుని, మిగిలింది వేపచెట్టు పక్కనున్న చెత్తబుట్టలో వేశారు. నాకూ ఒక కప్పు ఇచ్చారు. తిన్నాను. బాగుంది.

బస్సు వెళ్లాక వచ్చి చూస్తే చంద్రమ్మ నేల మీద కుండ పక్కన కూర్చుని ఉంది. "పదమ్మా, అడుగున ఇంకా ఉందిగా, పెట్టేసి వద్దాం" అన్నాను.

"నా పిల్ల పానం నిలబెట్టిన అమ్మకు ఎంగిలి పెట్టాల్నా?" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది. కొంగుతో మొహం తుడుచుకుని "వీళ్లు మల్ల ఎప్పుడొస్తరు?" అని అడిగింది.

"వచ్చే గురువారం ఇంకో బ్యాచ్ ఉందమ్మా."

"గట్లయితే రెండు కుండలు తెస్త. ఒకటి వాళ్లకు, ఒకటి అమ్మకు. ఇగ ఫికర్ లేదు."

అతిథుల అభిప్రాయాలు సోమవారం వచ్చాయి. గైడ్‌కు ఐదుకు ఐదు. బోనానికి రెండు, మరీ చప్పగా ఉందట. "సారీ అండీ, స్కోరు రాలేదు. ఆ టైములో డబుల్ కా మీఠా పెట్టించాను" అంది ఉమాశ్రీ. ఆ మాట చంద్రమ్మకు చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. ఆమె ఫోన్ చేస్తే ఎత్తలేదు.

గురువారం, ఆషాఢంలో ఆఖరిది. మా బస్సు గేటు దగ్గరికి వచ్చేసరికి ఫుట్‌పాత్ మీద అమ్మమ్మా మనవరాలూ నిలబడి ఉన్నారు. చెరొక కుండ నెత్తిన. ఈసారి అడగకుండానే బ్యాటరీ దీపాలు తెచ్చుకున్నారు. గార్డు లాఠీ ఊపి పక్కకు పొమ్మంటున్నాడు. వాళ్లెవరని బస్సులో ఎవరో అడిగారు. మైకు నా చేతిలోనే ఉంది. స్థానిక పండుగ, మీరు అదృష్టవంతులు, అనుకోకుండా కనబడిందని చెప్పాను. అందరూ ఫోన్లు తీశారు.

అద్దంలోంచి వర్షిత నన్ను గుర్తుపట్టింది. అమ్మమ్మ భుజం తట్టి, నన్ను చూపించి చెయ్యి ఊపింది. ఇద్దరి మొహాలూ వికసించాయి. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. దిగలేదు.

గేటు తెరిచారు. మా వెనకే వద్దామని చంద్రమ్మ కుండ పట్టుకుని రెండడుగులు వేసింది. బస్సు లోపలికి రాగానే గేటు మూసేశారు.